తలుపు పక్కన నిలబడ్డ పిల్ల

కన్నతల్లి ఎవరో బయటపడే ఎపిసోడ్ ఏ సీరియల్లో వచ్చినా, మర్నాడు చూసినవాళ్ల మాటలు ఒకే తీరున నడుస్తాయి. "నవమాసాలు మోసింది, ఆమెకు కాక ఇంకెవరికుంటుంది హక్కు?" అని కొందరు. "అప్పుడు పారేసి పోయి, ఇప్పుడు ప్రేమ పొంగుకొచ్చిందా?" అని కొందరు. "ఒక్క డీఎన్ఏ టెస్టుతో తేలిపోయేదానికి ఇన్ని నెలలు సాగదీశారు" అని ఇంకొందరి విసుగు. కాసేపటికి కుంతి వస్తుంది, రాధ వస్తుంది, దేవకీ యశోదలు వస్తారు. ఇద్దరు తల్లుల మీదా బోలెడన్ని తీర్పులు వస్తాయి. తలుపు పక్కన నిలబడి అంతా విన్న పిల్ల గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు.

తప్పు చూసేవాళ్లది కాదు. ఆ ఎపిసోడ్‌ను కట్టిన తీరే అలా ఉంటుంది.

అరగంట స్లాట్‌లో ప్రకటనలు పోగా మిగిలేది ఇరవై నిమిషాల పైచిలుకు. అందులో ముందు కన్నతల్లి ఏదో ఆనవాలు చూస్తుంది. పుట్టుమచ్చో, మెళ్లో లాకెట్టో, పొత్తిళ్లలో చుట్టిన పాత చీర ముక్కో. వెంటనే వానలో ఫ్లాష్‌బ్యాక్. తర్వాత పెంచిన తల్లి ముఖంలో భయం. తర్వాత గదిలో ఇద్దరూ ఎదురుపడటం, గొంతులు లేవడం. తలుపు ఓరగా తెరిచి ఉంటుంది, పిల్ల చేతిలో గాజు గ్లాసు ఉంటుంది. గ్లాసు జారుతుంది, ముగ్గురి ముఖాలూ ఒక్కొక్కటిగా మూడేసి సార్లు చూపిస్తారు, అక్కడ ఆగిపోతుంది. మన సీరియళ్లు ఎక్కువగా సోమవారం నుంచి శనివారం దాకా వస్తాయి కాబట్టి ఈ గ్లాసును శనివారం పగలగొడితే ఆదివారమంతా దాని గురించే మాట్లాడుకుంటారు.

కన్నతల్లి బాధ చెప్పడానికి ఫ్లాష్‌బ్యాక్ ఇస్తారు. పెంచిన తల్లికి అది అక్కర్లేదు, ఆమె పెంచిన రోజులన్నీ మొదటి నుంచి మనం చూస్తూనే వచ్చాం. అందుకే కథను తొలి ఎపిసోడ్ నుంచి పట్టుకున్నవాళ్లు చాలావరకు పెంచిన తల్లి వైపు ఉంటారు, ఈ మధ్య చూడటం మొదలుపెట్టినవాళ్లు కన్నతల్లి కోసం ఏడుస్తారు. రెండు వర్గాలూ చూసినదాన్ని బట్టే మాట్లాడుతున్నాయి. పిల్లకు మాత్రం ఫ్లాష్‌బ్యాకూ లేదు, ఒంటరిగా కూర్చుని ఆలోచించే సీనూ లేదు. సోమవారం ఎపిసోడ్‌లో ఏడుస్తూ రోడ్డు మీదికి పరుగెత్తుతుంది, కారు వస్తుంది. ఇక అక్కడి నుంచి ఆస్పత్రి, రక్తం, గ్రూపు. ఆ పిల్లకు ఏమనిపించిందో చెప్పాల్సిన చోటును యాక్సిడెంట్ మింగేస్తుంది.

ఇప్పుడు ఆ తీర్పుల సంగతి. అన్నిటికంటే ఎక్కువ వినిపించే మాట "పారేసింది". తెలుగులో ఈ ఒక్క క్రియ కింద మూడు వేర్వేరు పనుల్ని తోసేస్తున్నాం. బిడ్డను చెత్తకుప్ప పక్కన వదిలి వెళ్లడం ఒకటి. పెంచలేనని చెప్పి చట్టప్రకారం అప్పగించడం వేరొకటి. ఆమెకు తెలియకుండా ఎవరో బిడ్డను తీసుకెళ్లిపోవడం పూర్తిగా ఇంకొకటి. సీరియల్లో ఏది జరిగిందో చూడకుండా తిట్టడానికి వీల్లేదు.

అప్పగింతకు మన దేశంలో పద్ధతి ఉంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం తల్లిదండ్రులు బిడ్డను జిల్లాలోని బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకురావాలి. కమిటీ విచారిస్తుంది, కౌన్సెలింగ్ ఇప్పిస్తుంది, అప్పుడే అప్పగింత పత్రం మీద సంతకం తీసుకుంటుంది. పెళ్లయిన జంట అయితే ఇద్దరూ సంతకం చేయాలి. పెళ్లి కాని తల్లి అయితే ఆమె సంతకం చాలు. ఆ తర్వాత మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువు ఇస్తారు. ఆ 60 రోజుల్లో ఎప్పుడైనా వచ్చి "నా బిడ్డను నాకు ఇచ్చేయండి" అని అడగవచ్చు. గడువు దాటితేనే బిడ్డ దత్తతకు అర్హురాలని కమిటీ ప్రకటిస్తుంది. ఆ 60 రోజుల్లో ఒక పూర్తి సీరియల్‌కు సరిపడా కథ ఉంది. నలభయ్యో రోజున ఆఫీసు గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగిన తల్లి, యాభై తొమ్మిదో రోజున బస్సు తప్పిపోయిన తల్లి. రాసేవాళ్లు దీన్ని వదిలేసి లాకెట్టు పట్టుకుంటున్నారు.

వదిలి వెళ్లిన తల్లిని కూడా ఈ చట్టం చూసీ చూడగానే నేరస్తురాలిని చేయదు. తన చేతిలో లేని పరిస్థితుల వల్ల బిడ్డను వదిలేసిందని తేలితే, అది కావాలని చేసింది కాదని భావించాలని 75వ సెక్షన్ చెబుతుంది. "జైల్లో పెట్టాలి" అని కోపంగా అనేవాళ్లు ఇది తెలుసుకోవాలి. జైలు భయం పెరిగేకొద్దీ బిడ్డలు కమిటీ దాకా రారు, ముళ్లపొదల్లోనే దొరుకుతారు.

"సరే, అయినా కన్నతల్లికి బిడ్డను తిరిగి ఇచ్చేయాలి" అంటారు. సక్రమంగా దత్తత జరిగి ఉంటే అది కుదరదు. 63వ సెక్షన్ ప్రకారం దత్తత ఉత్తర్వు వచ్చిన రోజు నుంచి ఆ బిడ్డ అన్ని విషయాల్లోనూ పెంచిన తల్లిదండ్రులకు పుట్టిన బిడ్డతో సమానం, ఆస్తి విషయంలోనూ. పుట్టింటి బంధం చట్టం దృష్టిలో అక్కడితో తెగిపోతుంది. 2022 సెప్టెంబర్ 1 నుంచి ఈ ఉత్తర్వును కోర్టు బదులు జిల్లా మేజిస్ట్రేట్ ఇస్తున్నారు. జనన ధ్రువపత్రం కూడా పెంచిన తల్లిదండ్రుల పేర్లతోనే వస్తుంది. కాబట్టి బీరువాలో దొరికిన బర్త్ సర్టిఫికెట్ మీద వేరే తల్లి పేరు చూసి హీరోయిన్ కుప్పకూలిపోయే సీన్, ఈ చట్టం కింద దత్తత తీసుకున్న ఇంట్లో జరగదు. దొరికితే దత్తత ఉత్తర్వు దొరకాలి.

అక్క బిడ్డను చెల్లెలికి ఇచ్చే కథలు మన దగ్గర ఎక్కువ. ఇవి ఎక్కువగా 1956 నాటి హిందూ దత్తత చట్టం కిందికి వస్తాయి. అక్కడ ముఖ్యమైన పని ఒక్కటే, బిడ్డను ఒకరు చేతులారా ఇవ్వడం, ఇంకొకరు పుచ్చుకోవడం. దత్త హోమం తప్పనిసరి కాదు. రిజిస్టరు చేసిన దస్తావేజు ఉంటే తర్వాత ఎవరూ సులువుగా కాదనలేరు. ఇందుకు డబ్బు ఇవ్వడం, పుచ్చుకోవడం 17వ సెక్షన్ కింద నిషిద్ధం. 15వ సెక్షన్ మరీ గట్టిది. ఒకసారి సక్రమంగా జరిగిన దత్తతను పెంచినవాళ్లు రద్దు చేయలేరు, పెరిగిన బిడ్డ కూడా దాన్ని వదులుకుని పుట్టింటికి తిరిగి పోలేడు. "చెల్లికి పిల్లలు పుట్టారు కదా, మా పిల్లను మాకు ఇచ్చేయమను" అని అక్క కొంగు దోపుకుని వచ్చే ఎపిసోడ్‌లో వకీలు పాత్ర చెప్పాల్సిన మాట ఇది. ఎవరూ చెప్పరు.

ఇక మూడోది. వాన, కరెంటు పోయిన ఆస్పత్రి, నర్సు, గుడ్డలో చుట్టిన బిడ్డ, "మీ బిడ్డ చనిపోయింది" అనే అబద్ధం. కన్నతల్లి ఎపిసోడ్‌లు చాలావరకు ఇక్కడే పుడతాయి. ఇది దత్తత కానే కాదు, శిశువును అపహరించి అమ్ముకోవడం. బాలల న్యాయ చట్టం 81వ సెక్షన్ కింద బిడ్డను అమ్మినా కొన్నా ఐదేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా. ఆస్పత్రి సిబ్బంది లాంటి, బిడ్డ బాధ్యత చేతిలో ఉన్నవాళ్లు చేస్తే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా శిక్ష. ఇలాంటి కథలో కన్నతల్లి పక్షాన నిలబడేవాళ్లదే న్యాయం, ఆమె ఏనాడూ ఒప్పుకోలేదు కాబట్టి. అయినా చూసేవాళ్ల కోపమంతా ఇద్దరు ఆడవాళ్ల మధ్యే తిరుగుతుంది. బిడ్డను చేతులు మార్చిన మనిషి రెండు ఎపిసోడ్‌లలో దగ్గుతూ నిజం చెప్పి కన్నుమూస్తుంది, మనం క్షమించేస్తాం. నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించేది ఈ క్షమాపణే.

రక్తం సంగతి చూద్దాం. పిల్లకు యాక్సిడెంట్ అయింది, "అరుదైన గ్రూపు" అన్నారు, కన్నతల్లి గ్రూపు సరిపోయింది, పక్క మంచం మీద పడుకోబెట్టి గొట్టంతో ఎక్కించారు. గ్రూపు కలిసినంత మాత్రాన తల్లి అని రుజువు కాదు. దారిన పోయేవాళ్లలో ఎందరికో అదే గ్రూపు ఉంటుంది. గ్రూపు చెప్పగలిగేది "కాదు" అన్న మాటే, అదీ కొన్ని సందర్భాల్లోనే. తల్లి ఏబీ అయితే బిడ్డ ఓ కావడం, తల్లిదండ్రులిద్దరూ ఓ అయితే బిడ్డ ఏబీ కావడం మామూలుగా జరగదు. దానికీ మినహాయింపు ఉంది. 1952లో ముంబైలో గుర్తించిన బాంబే గ్రూపు వాళ్లు మామూలు పరీక్షలో ఓ గానే కనిపిస్తారు. వాళ్లకు బాంబే గ్రూపు రక్తమే ఎక్కించాలి.

ఇంకో విషయం. దగ్గరి రక్తసంబంధీకుల రక్తాన్ని నేరుగా ఎక్కించకూడదు. దాతకూ బిడ్డకూ కణజాల లక్షణాలు కొంత కలవడం వల్ల దాత తెల్లకణాల్ని బిడ్డ శరీరం పరాయివిగా గుర్తించదు. ఆ కణాలు మాత్రం బిడ్డ ఒంటి మీదే దాడి మొదలుపెడతాయి. అరుదే గానీ వస్తే దాదాపు ప్రాణాంతకం. అందుకే తప్పనిసరైతే ఆ రక్తానికి ముందు రేడియేషన్ ఇస్తారు. పైగా ఎవరి రక్తమైనా హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, హెపటైటిస్ సీ, సిఫిలిస్, మలేరియా పరీక్షలు దాటాకే ఎక్కిస్తారు. పక్క మంచం మీది ఆ గొట్టం వైద్యం కాదు, తల్లీబిడ్డల మధ్య ఒక తాడు కనిపించాలని పెట్టిన బొమ్మ.

డీఎన్ఏ టెస్టు అడిగేవాళ్లకు కూడా కొంచెం చెప్పాలి. దువ్వెనలోంచి వెంట్రుక తీసి పాలిథిన్ కవర్లో దాచే సీన్ అందరం చూశాం. వెంట్రుక కుదురు లేకపోతే ఈ పరీక్షకు కావాల్సిన కేంద్రక డీఎన్ఏ దొరకడం కష్టం. కత్తిరించిన జుట్టు పనికిరాదు, దువ్వితే రాలిన జుట్టు కుదుట్లోనూ అంతంతమాత్రమే. ల్యాబులు మామూలుగా బుగ్గ లోపలి తడిని దూదిపుల్లతో తీసుకుంటాయి. డీఎన్ఏలో చాలా స్థానాలను పోల్చి చూస్తారు, ప్రతి స్థానంలో బిడ్డకున్న రెండింటిలో ఒకటి తల్లిదై ఉండాలి. కుదురు లేని వెంట్రుక నుంచి మైటోకాండ్రియా డీఎన్ఏ తీయవచ్చు గానీ అది తల్లి వైపు వాళ్లందరిలో ఒకటే ఉంటుంది. తల్లికీ, పిన్నికీ, అమ్మమ్మకీ తేడా చెప్పదు. అక్కాచెల్లెళ్ల కథలో ఈ పరీక్ష పెట్టి "ఈమే కన్నతల్లి" అని రిపోర్టు చదివితే అది తప్పు.

దొంగతనంగా తెచ్చిన నమూనాకు కోర్టులో విలువ ఉండదు. ఎవరిదో గుర్తింపు సరిచూసి, సాక్షుల ఎదుట తీసి, సీలు వేయాలి. పిల్లల డీఎన్ఏ పరీక్షకు అడిగిందే తడవుగా ఉత్తర్వులు ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 2023లో ఒక దాంపత్య వివాదంలో గట్టిగా చెప్పింది. పెద్దల గొడవకు పిల్లను సాక్ష్యంగా వాడుకోవద్దన్నది అందులో సారం. "ఒక్క టెస్టు చేయిస్తే పోలా" అనేవాళ్లు ఆ టెస్టు ఎవరి ఒంటి మీద జరుగుతుందో కాస్త ఆలోచించాలి.

సరోగసీ కథల్లో ఈ పరీక్ష అసలు తలకిందులవుతుంది. 2021 చట్టం ప్రకారం అద్దెగర్భం మోసే స్త్రీ తన అండాన్ని ఇవ్వకూడదు. అంటే నవమాసాలు మోసి కన్నది ఆమే అయినా, డీఎన్ఏ రిపోర్టులో ఆమె తల్లిగా రాదు. పుట్టిన బిడ్డ చట్టం దృష్టిలో కోరుకున్న దంపతులదే. డీఎన్ఏ ఆధారంగా సరోగసీ తల్లిని పట్టుకునే ఎపిసోడ్ మొదటి మెట్టులోనే తప్పిపోతుంది.

తలుపు పక్కన నిలబడ్డ పిల్ల దగ్గరికి మళ్లీ వద్దాం. కుంతీకర్ణుల ఉదాహరణ ఎప్పుడూ తల్లిని నిలదీయడానికే వాడతారు. కర్ణుడికి ఆ నిజం ఎప్పుడు తెలిసిందో చూడండి. నడివయసులో, యుద్ధం ముంగిట, అవతలి పక్షానికి అవసరం పడ్డాక. ఆ నిజం విన్నాక కూడా అతను రాధేయుడిగానే ఉండిపోయాడు. దత్తత పిల్లలతో పనిచేసే కౌన్సెలర్లు చెప్పేదీ ఇదే. పిల్లను ఎక్కువగా గాయపరిచేది దత్తత కాదు, పెద్దయ్యాక ఎవరో చెబితేనో, గోడచాటునో తెలియడం. "ఇన్నేళ్లూ అందరికీ తెలుసు, నాకొక్కదానికే తెలియదు" అనే దెబ్బ అది.

చెప్పడం రెండు మూడేళ్లకే మొదలుపెట్టాలి. దత్తత అనే మాట అర్థం తెలియక ముందే చెవిన పడి ఉండాలి. పడుకునేటప్పుడు చెప్పే కథలో, ఫోటోలు చూపిస్తూ. "నువ్వు ఇంకో అమ్మ కడుపులో పెరిగావు, తర్వాత మా ఇంటికి వచ్చావు. మేం నీ అమ్మానాన్నలం." ఆ వయసుకు ఇది చాలు. ఆరేడేళ్లకు అసలు ప్రశ్న వస్తుంది. ఒకరు నన్ను తెచ్చుకున్నారంటే ఇంకొకరు వదులుకున్నారన్న లెక్క అప్పుడు తెలుస్తుంది. "నన్నెందుకు ఇచ్చేసింది?" అని అడుగుతుంది. దీనికి చాలామంది "నీ మీద ప్రేమతోనే ఇచ్చింది" అంటారు. మంచి ఉద్దేశమే, కానీ పిల్ల మనసులో అది ఇంకోలా పడుతుంది. ప్రేమ ఉన్నవాళ్లు వదిలేస్తారైతే మీరూ వదిలేస్తారా అని. "చనిపోయింది" అనే అబద్ధం అంతకన్నా చెడ్డది, ఎప్పటికైనా బయటపడుతుంది. "అప్పుడు ఏ బిడ్డనైనా పెంచే స్థితిలో ఆమె లేదు, నీలో లోపం ఏమీ లేదు" అని చెప్పవచ్చు. కారణం తెలియకపోతే తెలియదనే చెప్పాలి. పద్నాలుగు పదిహేనేళ్లకు కోపం వస్తుంది, "నువ్వు నా అమ్మవే కాదు" అని అరుస్తారు. కన్నపిల్లలు కూడా ఆ వయసులో అంత మాటా అంటారు, వీళ్ల చేతికి మాత్రం కాస్త పదునైన మాట దొరికింది.

ఇంట్లో దత్తత బిడ్డ ఉండగా ఇలాంటి ఎపిసోడ్ టీవీలో వస్తుంటే, రిమోట్ లాక్కుని చానల్ మార్చకండి. అదేదో సిగ్గుపడాల్సిన సంగతని ఆ ఒక్క పనితో చెప్పినట్టవుతుంది. ప్రకటనలు వచ్చేదాకా ఆగి, "ఆ పాప ఇప్పుడు ఏమనుకుంటోందంటావ్?" అని పాత్ర గురించి అడగండి. తన గురించి అడగొద్దు, అది తనే తెస్తుంది. ఏమీ అనకపోతే వదిలేయండి. రెండు మూడు రోజుల తర్వాత జడ వేస్తున్నప్పుడో, స్కూలుకు తీసుకెళ్తున్నప్పుడో ఒక ప్రశ్న వస్తుంది. అమ్మానాన్నల ముఖం చూడకుండా అడగగలిగే చోటు పిల్లలకు తేలిక. ఆ వారంలో నిద్ర చెడటం, కొంగు పట్టుకుని వదలకపోవడం, బడికి వెళ్లే వేళకు కడుపునొప్పి కనిపిస్తే దానికీ ఎపిసోడ్‌కీ సంబంధం ఉండవచ్చు.

పక్కన కూర్చుని చూసే పెద్దవాళ్ల మాటలు సీరియల్ కంటే ఎక్కువ కోస్తాయి. "ఎంతైనా రక్తసంబంధం కదమ్మా", "అసలు తల్లి వచ్చాక ఈమె ఎవరికి కావాలి", "పాపం, సొంత కూతురిలా చూసుకుంది". ఆ చివరిది మెచ్చుకోలుగా అంటారు గానీ "లా" అన్న ఒక్క అక్షరం సొంతం కాదని తేల్చేస్తుంది. అక్కడికక్కడే, గొంతు పెంచకుండా, "అలా కాదత్తయ్యా, కూతురే" అంటే చాలు. పిల్ల వింటూ ఉంటుంది.

పెద్దయ్యాక ఆ పిల్ల కన్నతల్లిని వెతుక్కోవాలనుకుంటే దానికీ దారి ఉంది. దత్తతలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ కారా నియమాల్లో దీన్ని మూలాల అన్వేషణ అంటారు. 18 ఏళ్లు నిండితే తనే దరఖాస్తు చేయవచ్చు, నిండకపోతే పెంచిన తల్లిదండ్రులతో కలిసి చేయాలి. మూడో మనిషి చేయడానికి వీల్లేదు, అంటే లాకెట్టు పట్టుకుని సంస్థ చుట్టూ తిరిగే మేనమామకు చిరునామా ఇవ్వరు. కన్నతల్లికి కూడా గోప్యత హక్కు ఉంది. ఆమె కలవడానికి ఇష్టపడకపోయినా, ఆచూకీ దొరకకపోయినా, ఏ పరిస్థితుల్లో అప్పగించిందో ఆ కారణం వరకు తెలియజేస్తారు.

అందుకోసం పెంచిన తల్లిదండ్రులు మొదటి రోజు నుంచే కొన్ని కాగితాలు జాగ్రత్త చేయాలి. దత్తత ఉత్తర్వు, దత్తత సంస్థ ఇచ్చిన శిశు అధ్యయన నివేదిక, వైద్య పరీక్ష నివేదిక. సంస్థ నుంచి వచ్చేటప్పుడు బిడ్డ ఒంటి మీదున్న గౌను, అక్కడ తీసిన ఫోటో, అక్కడ పిలిచిన పేరు రాసిన చీటీ ఉంటే అవీ అందులోనే పెట్టండి. ఆ ఫైలు బీరువా పైఅరలో తాళం వేసి దాచేది కాదు. పిల్లకు చెయ్యి అందే అరలో, తన పేరు రాసి ఉంచండి.